పక్కవాళ్లతో చర్చ: క్లాసు నడిపేవాళ్లకు కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేసి, విద్యార్థులను పక్కవాళ్లతో మాట్లాడుకోమంటాను. ఈ పద్ధతి గురించి తోటి లెక్చరర్లు తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: లెక్క చేశారంటే విషయం అర్థమైనట్టే.

లారీ ఒక చిన్న కారును గుద్దింది. ఏది దేనిమీద ఎక్కువ బలం చూపించింది? న్యూటన్ మూడో నియమాన్ని పొల్లుపోకుండా రాసేవాళ్లలోనే చాలామంది "లారీ" అంటారు. రెండు బలాలూ సమానం. కారు ద్రవ్యరాశి తక్కువ కాబట్టి దాని త్వరణం ఎక్కువ, అందుకే దెబ్బ దానికే ఎక్కువ. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ ఇలాంటి ప్రశ్నలే ఇచ్చినప్పుడు ఒక విద్యార్థిని లేచి, మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా ఆలోచించేట్టు రాయాలా అని అడిగింది. ఆ తర్వాత, 1991లో, ఆయన క్లాసు నడిపే తీరే మార్చేశారు. పక్కవాళ్లతో చర్చించే ఈ పద్ధతికే పీర్ ఇన్‌స్ట్రక్షన్ (తోటివాళ్ల ద్వారా నేర్చుకోవడం) అని పేరు వచ్చింది.

అపోహ: తెలియనివాళ్లు ఇద్దరు మాట్లాడుకుంటే ఏం వస్తుంది? లేదంటే తెలిసినవాడు చెబుతాడు, మిగతావాళ్లు తలూపుతారు.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అనుమానం ఇదే. కొలరాడో విశ్వవిద్యాలయం జెనెటిక్స్ క్లాసుల్లో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. చర్చ అయ్యాక అదే భావనమీద మరో ప్రశ్న ఇచ్చి, ఎవరికి వారే జవాబివ్వాలన్నారు. సరైన జవాబులు పెరిగాయి. మొదట్లో ఎవరికీ జవాబు తెలియని గుంపుల్లో కూడా మెరుగుదల కనిపించింది.

ఎలా సాధ్యమో క్లాసులో చెవి ఒగ్గి వింటే తెలుస్తుంది. నిలువుగా పైకి విసిరిన బంతికి, అన్నిటికన్నా ఎత్తైన బిందువు దగ్గర త్వరణం ఎంత?

"అక్కడ వేగం సున్నా కదా, త్వరణం కూడా సున్నానే."

"రెండూ సున్నా అయితే బంతి అక్కడే ఉండిపోవాలి కదరా. మళ్లీ కిందికెందుకు వస్తుంది?"

ఈ రెండో విద్యార్థికి కూడా జవాబు పూర్తిగా తెలియకపోవచ్చు. కానీ అవతలివాడి మాటలో ఎక్కడ తేడా ఉందో పట్టుకున్నాడు. నేను అదే విషయం బోర్డుమీద చెబితే రాసుకుని ఊరుకుంటారు. తోటివాడు అడిగితే మాత్రం జవాబు చెప్పి తీరాలి.

కాకపోతే చర్చకు ముందు ప్రతి ఒక్కరూ ఒంటరిగా ఆలోచించి, ఇచ్చిన ఆప్షన్లలో ఒకదానికి ఓటు వేయాలి. ఏ జవాబుకు ఎన్ని ఓట్లు పడ్డాయో అప్పుడే చూపించకూడదు. చూపిస్తే అందరూ మెజారిటీవైపు జరిగిపోతారు.

అపోహ: ఏ ప్రశ్న అయినా పరవాలేదు.

సూత్రంలో అంకెలు వేస్తే తేలిపోయే ప్రశ్నమీద చర్చించడానికేమీ ఉండదు. మొదటి ఓటులో సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెప్పే ప్రశ్న అయితే మాటలు బాగా సాగుతాయి. అంతకన్నా తక్కువైతే ముందు ఆ భావనను మళ్లీ చెప్పాలి. ఎక్కువైతే రెండు ముక్కల్లో వివరించి ముందుకెళ్లిపోవచ్చు. తప్పు ఆప్షన్లను మనం ఊహించి పెట్టడం కన్నా, విద్యార్థుల పేపర్లలో కనిపించిన తప్పులనుంచే తీసుకోవడం మేలు. నా ప్రిపరేషన్‌లో ఎక్కువ సమయం దీనికే పోతుంది, పోవాలి కూడా.

అపోహ: క్లిక్కర్లు (బటన్ నొక్కి ఓటు వేసే చిన్న రిమోట్లు) లేకపోతే కుదరదు.

ఛాతీకి దగ్గరగా పెట్టుకుని వేళ్లు చూపించమన్నా చాలు, లేదా ఏ, బీ, సీ, డీ అని రాసిన అట్టముక్కలు.

అపోహ: సిలబస్ పూర్తి కాదు.

సమయం పడుతుందన్న మాట నిజమే. అందుకే పుస్తకంలో ఉన్నదాన్ని ముందే చదువుకుని రమ్మనాలి, క్లాసులో చిక్కుముడి ఉన్న చోట్లే పట్టుకోవాలి.

అపోహ: విద్యార్థులకు నచ్చలేదంటే వాళ్లు నేర్చుకోనట్టే.

2019లో వెలువడిన హార్వర్డ్ అధ్యయనంలో, క్లాసులో తామే తలబద్దలు కొట్టుకున్న విద్యార్థులు లెక్చర్ విన్నవాళ్లకన్నా ఎక్కువ నేర్చుకున్నట్టు పరీక్షలో తేలింది. కానీ తక్కువ నేర్చుకున్నామని వాళ్లకు అనిపించింది. లెక్చర్ సాఫీగా సాగితే అంతా అర్థమైనట్టే ఉంటుంది మరి. ఈ సంగతి మొదటి వారంలోనే వాళ్లకు విడమరిచి చెప్పాలి. ఇంకో మాట: ఓటుకు మార్కులు ఇవ్వదలచుకుంటే పాల్గొన్నందుకే ఇవ్వండి. సరైన జవాబుకే ఇస్తే చర్చ ఆగిపోయి, బాగా చదివేవాడి జవాబే అందరి జవాబవుతుంది.