1967 యుద్ధం: మే 16 రాత్రి గాజాకు వచ్చిన ఉత్తరం

శత్రువు కొట్టేలోపే కొట్టడం, అంటే ‘ముందస్తు దాడి’ అనే వాదన వచ్చినప్పుడల్లా 1967 జూన్ 5ను ఉదాహరణగా లాగుతారు. 2025 జూన్‌లో ఇరాన్‌పై దాడులప్పుడూ అదే జరిగింది. 1967లో ఆ ఉదయం ఈజిప్టుపై మొదట బాంబులు వేసింది ఇజ్రాయెలే. ఈజిప్టే ముందు కదిలిందని ఆ రోజు భద్రతామండలిలో ఇజ్రాయెల్ చెప్పింది గానీ, ఆ మాట నిలవలేదు. తగువంతా అంతకుముందు మూడు వారాలది.

సిరియా సరిహద్దుకు ఇజ్రాయెల్ సేనలు చేరాయని మే 13న సోవియట్లు కైరోకు చెప్పారు. ఈజిప్టు సైనిక దళాల ప్రధానాధికారి మహమ్మద్ ఫౌజీ సిరియా వెళ్లి చూస్తే అలాంటిదేమీ లేదు. అయినా ఇజ్రాయెల్‌ను ఆనుకుని ఉన్న తన సినాయ్ ద్వీపకల్పంలోకి ఈజిప్టు సైన్యం వస్తూనే ఉంది.

మే 16 రాత్రి పదింటికి గాజాలో, ఈజిప్టు-ఇజ్రాయెల్ సరిహద్దులో శాంతి కాపాడే ఐరాస అత్యవసర దళం కమాండర్, మన మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖ్యేకు ఫౌజీ ఉత్తరం అందింది. సరిహద్దు వెంబడి ఉన్న పరిశీలక పోస్టుల నుంచి దళాన్ని తప్పించాలన్నది అందులోని సంగతి. ఉత్తరం తెచ్చిన బ్రిగేడియర్ నోటితో అడిగింది వేరు: ఎల్ సభా, షర్మ్ ఎల్ షేక్ పోస్టులు ఆ రాత్రికే ఖాళీ కావాలి. రెండోది సరిహద్దుకు చాలా దూరం. ఎర్ర సముద్రం నుంచి ఇజ్రాయెల్ రేవు ఈలత్‌కు ఓడలు వెళ్లే తిరాన్ జలసంధికి కాపలా చోటు. తనకా అధికారం లేదన్నారు రిఖ్యే. కొన్నిచోట్లే తప్పుకోవడం కుదరదు, ఉంటే మొత్తం, పోతే మొత్తం అన్నారు ఐరాస ప్రధాన కార్యదర్శి ఊ థాంట్. మే 18న కైరో మొత్తం పొమ్మంది. దళాన్ని మీవైపు ఉండనిస్తారా అని ఊ థాంట్ అడిగితే ఇజ్రాయెల్ కాదంది. జూన్ 5 నాటికి ఇంకా గాజాలోనే ఉన్న భారత జవాన్లలో కొందరు ప్రాణాలు కోల్పోయారు.

షర్మ్ ఎల్ షేక్ చేతికొచ్చాక జలసంధిని తెరిచి ఉంచితే అరబ్బుల్లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ పరువేం కావాలి? మే 22న మూసేస్తున్నట్టు ప్రకటించాడు. ఈలత్‌కు ఇరాన్ చమురు వచ్చే దారి అదే. అక్కడ ఓడల్ని అడ్డుకుంటే దాడిగానే చూస్తామని 1957లోనే తమ విదేశాంగ మంత్రి గోల్డా మెయిర్ ఐరాసలో చెప్పారన్నది ఇజ్రాయెల్ వాదన. అవి తమ జలాలన్నది ఈజిప్టు జవాబు. పైగా ఐరాస చార్టర్ 51వ అధికరణం ఆత్మరక్షణ హక్కు ఇచ్చేది ‘సాయుధ దాడి’ జరిగితేనే. ఓడల్ని ఆపడం ఆ లెక్కలోకి వస్తుందని ఒప్పించడం కష్టం.

సినాయ్‌లో ఈజిప్టు మోహరింపు నాసర్ దాడికి దిగబోతున్నాడనడానికి రుజువు కాదనీ, దాడి నిర్ణయం తమదేననీ 1982 ఆగస్టులో అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని మెనహెమ్ బెగిన్ అన్నారు. 1967 నాటి మంత్రివర్గంలో ఆయనా ఉన్నారు. అరబ్ పక్షం ఎత్తిచూపేది ఈ మాటలనే. అది ఆత్మరక్షణ యుద్ధమేనని అదే ప్రసంగంలో ఆయన అన్నది మాత్రం ఆ పక్షం సాధారణంగా వదిలేస్తుంది.