వెలుతురు ఊపే గాజు ఉంగరం

పిల్లలూ,

మీలో చిన్నది మొన్న ఫోన్‌లో ఒకటి అడిగింది. "తాతయ్యా, టార్చి వేస్తే కాగితం కూడా కదలదు కదా, మరి వెలుతురు గాజుని ఊపడమేంటి?" అని. వెలుతురు కూడా వస్తువుల్ని తోస్తుందమ్మా, మనకి తెలిసేంత కాదు, అంతే. మిట్టమధ్యాహ్నం ఎండలో చదరపు మీటరు అద్దం పెడితే దాని మీద పడే తోపు ఒక మిల్లీగ్రాము బరువంత కూడా ఉండదు. అంత చిన్నదాన్ని రష్యాలో లెబెదెవ్ అనే ఆయన గాలి తీసేసిన గాజు బుడ్డిలో పలచని రేకులు వేలాడదీసి కొలిచి, 1901లో ప్రచురించాడు. ఓపిక అంటే అదీ.

మరి ఇంత తోపుతో ఏదైనా ఊగేదెలా? ఊయల సంగతి చూడండి. చిన్నప్పుడు మేం చెట్టుకొమ్మకి తాడు కట్టి ఊగేవాళ్లం, అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి తోసే పని నాది. పెద్దన్నయ్య నాకు రెండింతలు ఉండేవాడు, అయినా ఊయల వెనక్కొచ్చి మళ్లీ ముందుకు కదిలే అదను చూసి అరచేత్తో కాస్త తడితే చాలు, కాసేపటికి వాడి కాళ్లు ఆకుల్లోకి వెళ్లేవి. బలం చూపించాలని అడ్డదిడ్డంగా తోసేవాళ్లకి చెమటే మిగిలేది. చదువూ అంతేనర్రా... సరే, ఆ ఉపన్యాసం ఇప్పుడొద్దు.

ఇక్కడ ఊయల చిప్ మీద నిలబెట్టిన గాజు ఉంగరం, మొత్తం వెడల్పు వెంట్రుక మందమంత. లేజర్ కాంతి దాని అంచులో గిరగిరా తిరుగుతుంది, మంచి ఉంగరమైతే లక్ష చుట్ల దాకా, ప్రతి చుట్టులోనూ అంచుని బయటికి నెడుతూ. తమాషా ఏంటంటే లేజర్ నిలకడగానే వెలుగుతుంది, తోపుకి అదను చెప్పేది ఊయలే! అంచు రవ్వంత సాగగానే ఆ రంగు కాంతి అందులో సరిగ్గా ఇమడదు, పలచబడుతుంది, గాజు వెనక్కి వస్తుంది, కాంతి మళ్లీ నిండుతుంది. కానీ నిండడానికీ ఖాళీ అవడానికీ కొంచెం టైమ్ పడుతుంది. అందుకే బయటికి పోయేటప్పుడు పాత కాంతి ఇంకా నెడుతూ ఉంటుంది, లోపలికి వచ్చేటప్పుడు అడ్డుకునేంత కాంతి ఇంకా చేరి ఉండదు. ప్రతి ఊపుకీ కాస్త లాభం. లేజర్‌కి తగినంత బలముంటే ఉంగరం సెకనుకి కోట్లసార్లు ఊగుతూనే ఉంటుంది. 2005లో అమెరికాలోని కాల్టెక్ యూనివర్సిటీలో దీన్ని చేసి చూపించారు.

ఇదంతా లేజర్ రంగు ఉంగరానికి నప్పే రంగు కంటే పిసరంత నీలం వైపు ఉన్నప్పుడు. ఎరుపు వైపు జరిపారా, లెక్క తిరగబడి అదే కాంతి ఊపుని ఆపేస్తుంది. వేడి అంటే లోపలి వణుకే కదా, వణుకు తగ్గితే చల్లబడినట్టే. 2011లో, ముందే బాగా చల్లబరిచిన ఒక బుల్లి సిలికాన్ దూలాన్ని ఇలాగే, ఇక తగ్గడానికి వీల్లేనంత వణుకు దగ్గరికి తెచ్చారు. వెలుతురుతో చల్లబరచడం! నాకు ఇప్పటికీ వింతే.

ఈ రెండోది మీరూ చేయొచ్చు. ఖాళీ ఊయలని ఊపి వదలండి, అది మీ వైపు వచ్చే ప్రతిసారీ ఒక్క వేలితో ఎదురు తోయండి. ఎన్ని ఊపుల్లో ఆగిందో నాకు రాయండి.

మీ తాతయ్య