అమ్మానాన్నల బ్రిటన్ పెన్షన్‌లో ఖాళీ సంవత్సరాలు: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో స్థిరపడిన మన కుటుంబాల్లో పెద్దవాళ్లకు స్టేట్ పెన్షన్ (ప్రభుత్వమిచ్చే పెన్షన్) వయసు దగ్గరపడగానే పిల్లలు వాళ్ల నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డు, అంటే పెన్షన్ కోసం ఏయే ఏళ్లకు చందా జమైందో చూపే లెక్క, తెరిచి చూస్తారు. కొన్ని సంవత్సరాల పక్కన ‘నిండలేదు’ అని కనిపిస్తే కంగారుపడి వెంటనే డబ్బు కట్టేస్తారు. అలా కట్టకండి. పైసా ఖర్చు లేకుండా పూడే ఖాళీలుంటాయి. పూడ్చినా పెన్షన్ పెరగని ఖాళీలూ ఉంటాయి. వాటిని పక్కన పెట్టాకే డబ్బు సంగతి.

అపోహ: చందా నిండిన ఏళ్లు 35 లేకపోతే పెన్షన్ రాదు.

10 ఏళ్లుంటే కొంత వస్తుంది. 2025-26లో పూర్తి పెన్షన్ వారానికి 230.25 పౌండ్లు. అచ్చంగా 35 ఏళ్ల లెక్క వర్తించేది 2016 ఏప్రిల్ 6 తర్వాత రికార్డు మొదలైనవాళ్లకే. అంతకుముందు పనిచేసినవాళ్లకు, ముఖ్యంగా ఆస్పత్రుల్లోనో కౌన్సిళ్లలోనో చేసి ఉద్యోగ పెన్షన్ పథకంలో ఉన్నందుకు నేషనల్ ఇన్సూరెన్స్ చందా తక్కువ కట్టినవాళ్లకు, 35 ఏళ్లున్నా పూర్తి మొత్తం రాకపోవచ్చు. అందుకే ఏళ్లు లెక్కపెట్టకండి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వచ్చే పెన్షన్ అంచనా చూడండి.

అపోహ: ఏ ఖాళీ నింపినా లాభమే.

2025-26 రేటు ప్రకారం క్లాస్ 3 స్వచ్ఛంద చందా వారానికి 17.75 పౌండ్లు, ఏడాదికి 923. దాంతో పెన్షన్ గరిష్ఠంగా వారానికి 6.58, అంటే ఏడాదికి దాదాపు 342 పౌండ్లు పెరుగుతుంది. మూడేళ్లలోపే అసలు తిరిగొస్తుంది. బేరం మంచిదే. కానీ నాన్నగారు ఇంకా ఉద్యోగంలో ఉండి, పెన్షన్ వయసులోపు ఎలాగూ పూర్తి మొత్తానికి చేరుకుంటారనుకోండి, ఆ 923 వృథా. పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం) తీసుకుంటున్నవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త: పెన్షన్ పెరిగిన మేరకు ఆ సాయం తగ్గవచ్చు.

సగంలో ఆగిన సంవత్సరాలను ముందు చూడండి. 40 వారాల చందా ఉన్న ఏడాదికి మిగతా 12 వారాలకు కడితే చాలు. సుమారు 213 పౌండ్లతో అదే 342 వస్తుంది.

మామూలుగా వెనక్కి ఆరేళ్ల వరకే కట్టగలం, గడువు ఏటా ఏప్రిల్ 5. 2006 నుంచి 2016 వరకు ఉన్న ఖాళీలకు ఇచ్చిన ప్రత్యేక గడువు 2025 ఏప్రిల్ 5తో ముగిసింది.

అపోహ: అమ్మ ఉద్యోగం చేయలేదు కాబట్టి ఆ ఏళ్లు పోయినట్టే.

ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. 1978 నుంచి 2010 వరకు 16 ఏళ్లలోపు పిల్లలకు అమ్మ పేరున చైల్డ్ బెనిఫిట్ (పిల్లల పెంపకానికి ప్రభుత్వం ఇచ్చే భృతి) వచ్చి ఉంటే, ఆ సంవత్సరాలకు హోమ్ రెస్పాన్సిబిలిటీస్ ప్రొటెక్షన్ అనే రక్షణ ఉంది. 2000 మేకు ముందు పెట్టుకున్న దరఖాస్తుల్లో చాలావాటి మీద నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు లేదు. అందువల్ల ఆ ఏళ్లు రికార్డుకు ఎక్కలేదు. సీఎఫ్411 ఫారం పెట్టండి. ఇప్పటికే పెన్షన్ తీసుకుంటున్నా పెట్టవచ్చు, బకాయిలూ ఇస్తారు.

మనవల్ని చూసుకున్న ఏళ్లు వేరు. కోడలో కూతురో ఉద్యోగానికి వెళ్తే బిడ్డను చూసుకున్న అమ్మమ్మ, తాతయ్య, నానమ్మలకు 2011 ఏప్రిల్ నుంచి క్రెడిట్లున్నాయి, అంటే చందా కట్టకుండానే ఆ ఏళ్లు రికార్డుకు ఎక్కుతాయి. బిడ్డకు 12 ఏళ్లు నిండకూడదు, చూసుకున్నవాళ్లకు అప్పటికి పెన్షన్ వయసు రాకూడదు, వాళ్లు బ్రిటన్ నివాసులై ఉండాలి. చైల్డ్ బెనిఫిట్ ఎవరి పేరున ఉందో ఆ తల్లి లేదా తండ్రికి జీతం ద్వారా ఆ ఏడాది ఎలాగూ నిండాలి. అప్పుడు మిగిలిన క్రెడిట్ పెద్దవాళ్లకు బదిలీ అవుతుంది. పిల్లలెందరున్నా ఒక్క చైల్డ్ బెనిఫిట్‌కు ఒక్కటే క్రెడిట్. కాబట్టి అమ్మమ్మకా నానమ్మకా అన్నది ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఫారం సీఏ9176, ఆ పన్ను సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబర్ 31 తర్వాత పంపాలి. పాత ఏళ్లకూ అడగవచ్చు. విజిటర్ వీసాపై ఆరు నెలలకు వచ్చి వెళ్లేవారికి ఇది వర్తించదు.

జీతం ఎక్కువని చైల్డ్ బెనిఫిట్ వద్దనుకునేవాళ్లు కూడా డబ్బు తీసుకోకపోయినా దరఖాస్తు మాత్రం పెట్టాలి. లేకపోతే ఈ క్రెడిట్ పుట్టదు.

అపోహ: ఇండియాలో కట్టిన పీఎఫ్ కలుస్తుంది.

కలవదు. హైదరాబాద్‌లో 20 ఏళ్లు పీఎఫ్ కట్టినా బ్రిటన్ 10 ఏళ్ల లెక్కలో అది సున్నా. ఇంకో సంగతి: ఇండియాలో ఉండి తీసుకునే బ్రిటన్ పెన్షన్ ఏటా పెరగదు, మొదట వచ్చిన మొత్తం దగ్గరే ఆగిపోతుంది. తిరిగి వెళ్లిపోదామనుకునేవాళ్లు పైన చెప్పిన లాభం లెక్కను ఆ మేరకు తగ్గించి చూసుకోవాలి. విదేశాల్లో ఉంటూ చవకైన క్లాస్ 2 చందా కట్టే వెసులుబాటు కూడా 2026 ఏప్రిల్ 6 నుంచి తీసేశారు.

అపోహ: నేనే ఫోన్ చేసి అన్నీ సరిచేయగలను.

పెన్షన్ వయసు రానివారి కోసం ఫ్యూచర్ పెన్షన్ సెంటర్‌కు, దాటినవారి కోసం పెన్షన్ సర్వీస్‌కు ఫోన్ చేయాలి. అమ్మగానీ నాన్నగానీ పక్కనే ఉండి, మీతో మాట్లాడేందుకు ఒప్పుకుంటున్నామని తమ నోటితో చెప్పాలి. తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు. ‘ఫలానా సంవత్సరానికి కడితే వారానికి ఎంత పెరుగుతుంది?’ అని ఒక్కో ఏడాదికీ విడిగా అడిగి రాసుకోండి.

మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటాయి. పనిచేసిన ఏడాది ఖాళీగా కనిపిస్తే చందా కట్టకండి. పాత పీ60లు (ఏడాది జీతం, పన్నుల వివరాలతో యజమాని ఇచ్చే పత్రాలు), జీతం స్లిప్పులు వెతికి బ్రిటన్ పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి పంపి రికార్డు సరిచేయించండి. చివరికి కట్టాల్సి వస్తే 18 అంకెల రిఫరెన్స్ నంబరు తప్పనిసరి. అది తప్పితే డబ్బు చేరినా ఏ ఏడాదికీ జమకాకపోవచ్చు.