ఎరువు పెడితే అలిగే బ్లూబెర్రీ

న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో కొందరు పెరట్లో గోంగూర, బీర పాదుల పక్కనే ఒక బ్లూబెర్రీ మొక్క కూడా నాటుతారు. కూరమొక్కలకు చేసినట్టే దానికీ బాగా మాగిన పశువుల ఎరువు వేసి, గుప్పెడు బూడిద చల్లుతారు. కొన్నాళ్లకు లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము అందడం లేదని దానర్థం. నేలలో ఇనుము ఉంటుంది. కానీ నేలలో పులుపు తగ్గితే అది కరగదు, వేరుకు చిక్కదు.

ఇది అక్కడి సొంత మొక్క. దక్షిణ న్యూజెర్సీలోని పైన్ బారెన్స్ అడవుల్లో, చిత్తడి పల్లాల అంచున దానంతట అదే పెరుగుతుంది. పంటలకు పనికిరాదని రైతులు వదిలేసిన ఇసుక నేల అది. ఈ మొక్కకు కావలసిన పీహెచ్ 4.5 నుంచి 5.5 లోపు. పీహెచ్ అంటే నేల పులుపును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. కూరగాయలకు బాగుండే 6.5తో పోలిస్తే 4.5లో ఆమ్లత్వం 100 రెట్లు ఎక్కువ. పులుపును తగ్గించే బూడిద, సున్నం ఎందుకు పడవో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ సంగతి తేల్చినవాడు అమెరికా వ్యవసాయ శాఖలోని వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్. సారవంతమైన తోట మట్టిలో ఈ మొక్క బతకదని, పులుపు నేలే దానికి ప్రాణమని 1910లో ప్రచురించాడు. అది చదివి 1911లో ఆయనకు ఉత్తరం రాసింది ఎలిజబెత్ వైట్. వైట్స్‌బాగ్‌లో వాళ్ల నాన్నకు క్రాన్‌బెర్రీ తోటలుండేవి. పెద్ద పండ్లు కాసే అడవి పొదలను చూపిస్తే డబ్బిస్తానని ఆమె చుట్టుపక్కల వాళ్లకు చెప్పింది. పండు సైజు కొలవడానికి చిల్లున్న రేకు కూడా ఇచ్చింది. పొద దొరికితే దానికి చూపించినవాళ్ల పేరే పెట్టేది. రూబ్ లీక్ అనే ఆయన చూపించిన పొద 'రూబెల్' అయింది, ఆ రకం ఇప్పటికీ సాగులో ఉంది. 1916లో వాళ్ల తొలి పంట బజారుకు వెళ్లింది. నన్నడిగితే, ఆ అడవి మనుషుల కంటిచూపు లేకపోతే కోవిల్ పరిశోధన కాగితాల మీదే ఉండిపోయేది.

దీని వేళ్లు సన్నగా, పైపైనే పాకుతాయి. మిగతా మొక్కల వేళ్లకు నీళ్లూ పోషకాలూ పీల్చిపెట్టే నూగు వీటికి ఉండదు. వేళ్లలో కాపురముండే ఒక శిలీంధ్రం ఆ పని చేసిపెడుతుంది. నత్రజనిని అమ్మోనియం రూపంలో ఇస్తే ఈ మొక్క హాయిగా తీసుకుంటుంది, నైట్రేట్ ఎరువులతో దెబ్బతింటుంది.

తేమ విషయంలో చాలామంది పొరబడతారు. చిత్తడిలో పుట్టిన మొక్క కదా అని నీళ్లు నిలిచే మూలలో నాటితే వేళ్లు కుళ్లిపోతాయి. అడవిలోనూ అది నీళ్లలో నిలబడదు, నీటిమట్టానికి కాస్త పైనున్న తిప్పల మీద ఉంటుంది. కాబట్టి తేమ పెరట్లో అడుగు ఎత్తున కట్ట పోసి, మట్టిలో పీట్ మాస్ (చిత్తడి నేలల్లో మాగిన పుల్లటి నాచు) కలిపి నాటాలి. పైన పైన్ బెరడు ముక్కలు మందంగా పరవాలి. మట్టి పరీక్షలో పీహెచ్ ఎక్కువని తేలితే ముందు ఏడాదే గంధకం కలపాలి. నేలలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చడానికి నెలలు పడుతుంది. బోరు నీళ్లలో సున్నం ఉంటే వాననీరు పట్టి పోయడం మేలు.

వసంతంలో పూలు చిన్న గంటల్లా తలకిందులుగా వేలాడతాయి. పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల్లో ఉంటుంది, బయటికి రావడానికి కొసన చిన్న రంధ్రమే దారి. బంబుల్‌బీ అనే బొద్దు తేనెటీగ పువ్వును పట్టుకుని వేలాడుతూ, రెక్కలు ఆడించకుండా ఎగిరే కండరాలను మాత్రమే కంపింపజేస్తుంది. ఉప్పు డబ్బా కుదిపినట్టు పుప్పొడి రాలుతుంది. మన వంగ పువ్వుదీ ఇదే పద్ధతి. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. పక్కన ఇంకో రకం బ్లూబెర్రీ ఉంటే పండ్లు పెద్దవవుతాయి.

పండు నీలంగా మారగానే కోసేస్తే పుల్లగా ఉంటుంది. ఆ నీలం పైనున్న మైనం పూతది, వేలితో రుద్దితే ముదురు రంగు బయటపడుతుంది. తొడిమ దగ్గర ఎర్రజీర పోయేదాకా ఇంకొన్ని రోజులు ఆగాలి, అప్పుడు బొటనవేలు తగిలితే చాలు రాలుతుంది. పిట్టలు అన్నాళ్లు ఆగవు కాబట్టి కాయ రంగు తిరగకముందే వల కప్పేయాలి.