పటం ఉంది, చూపించలేదు

2011 మార్చి 11న సునామీ ముంచెత్తడంతో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో కరెంటు పోయి, రియాక్టర్లను చల్లబరచడం కుదరలేదు. మర్నాడు నమియే పట్టణం జనం వేల సంఖ్యలో కొండల్లోని త్సుషిమాకు తరలిపోయారు. అక్కడ పిల్లలు ఆరుబయటే ఆడుకున్నారు, వాగు నీళ్లతో అన్నం వండినవాళ్లూ ఉన్నారు. 15న గాలి మళ్లింది. వానతో, మంచుతో కలిసి రేడియోధార్మిక అయోడిన్, సీజియం ఎక్కువగా రాలింది త్సుషిమా ఉన్న వాయవ్య దిక్కునే.

గాలివాటాన్నీ కొండల్నీ లెక్కేసి రేడియోధార్మికత ఎటు పోతుందో చెప్పే 'స్పీడీ' అనే కంప్యూటర్ వ్యవస్థ ప్రభుత్వం దగ్గర అప్పటికే ఉంది. అయితే రియాక్టర్ల నుంచి ఎంత బయటికొస్తోందో కొలిచే పరికరాలు కరెంటు లేక పనిచేయలేదు. దాంతో ఒక ఊహా మోతాదు పెట్టుకుని పటాలు తీశారు. వాటిలో మోతాదును నమ్మలేం, నిజమే. దిక్కు మాత్రం తెలుస్తుంది. పారిపోయేవాడికి ముందు కావలసింది అదే కదా! ఆ పటాలు 14నే అమెరికా సైన్యానికి అందాయి. సొంత జనానికి చూపించింది 23న.

పత్రికలు, టీవీలు చాలావరకు ప్రెస్‌మీట్లలో చెప్పిందే వల్లించాయి. ఇంధనం కరుగుతూ ఉండొచ్చని 12నే చెప్పిన నియంత్రణ సంస్థ ప్రతినిధిని ఆ పని నుంచి తప్పించారు. ఆ కేంద్రాన్ని నడిపే కంపెనీ టెప్కో, మెల్ట్‌డౌన్ (ఇంధనం కరిగిపోవడం) జరిగిందని ఒప్పుకోవడానికి మే వచ్చింది. ఆ మాట వాడొద్దని అప్పటి కంపెనీ అధ్యక్షుడే ఆదేశించాడన్న సంగతి 2016లో గానీ బయటపడలేదు.

ఇక జనమే కొలతలకు దిగారు. 'సేఫ్‌కాస్ట్' అనే బృందం వాలంటీర్లు రేడియోధార్మికతను కొలిచే గైగర్ కౌంటర్‌ను డబ్బాలో బిగించి కారు కిటికీకి తగిలించారు. అది ఐదు సెకన్లకోసారి రీడింగు తీసి, ఎక్కడ తీసిందో కూడా నమోదు చేస్తుంది. ఊరంతటికీ ఒకే అంకె చెబితే సరిపోదని దీంతో తేలింది. ఒకే వీధిలో, చూరు నీళ్లు పడేచోట ఒక లెక్క, నాలుగడుగుల అవతల మరో లెక్క. తక్కువ వచ్చిన రీడింగులనూ వాళ్లు దాచలేదు. నాకు బాగా నచ్చింది అదే.

2023 ఆగస్టు 24న, అణు కేంద్రంలో పోగుపడి, శుద్ధి చేసిన నీటిని పసిఫిక్‌లోకి వదలడం మొదలుపెట్టారు. శుద్ధి చేసినా పోని రేడియోధార్మిక పదార్థం ట్రిటియం లీటరుకు 1,500 బెకరెల్స్ (రేడియోధార్మికతకు కొలమానం) దాటకూడదని పరిమితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించే స్థాయే 10,000. ఈ అంకెలు చూస్తే టెన్షన్ పడాల్సిందేమీ నాకు కనిపించదు. కానీ సంబంధితుల్ని ఒప్పించకుండా ఆ నీటిని పారబోయబోమని 2015లో ప్రభుత్వం, టెప్కో మత్స్యకారులకు రాసిచ్చాయి. వదిలే రోజుకీ వాళ్ల సంఘం వద్దనే అంటోంది.