క్లీవ్ అంటే చీల్చడమా, అతుక్కోవడమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇంగ్లీషు పాఠం చెప్పేవాళ్లను పిల్లలు ఇరుకున పెట్టాలంటే క్లీవ్ (cleave) అనే మాట గురించి అడిగితే చాలు.

అపోహ: ఒకే మాటకు చీల్చడం, అతుక్కోవడం అని రెండు వ్యతిరేకార్థాలు.

వాస్తవం: అది ఒక మాట కాదు, రెండు. పాత ఇంగ్లీషులో చీల్చడానికి క్లేయోఫన్, అంటిపెట్టుకోవడానికి క్లిఫియన్ అని వేర్వేరు క్రియలుండేవి. ఉచ్చారణ మారుతూ మారుతూ రెండూ ఒకే రూపానికి వచ్చాయి. అందుకే మంచి నిఘంటువులు 1, 2 అని అంకెలు వేసి విడివిడిగా ఇస్తాయి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో పురుషుడు భార్యను ‘క్లీవ్ అన్‌టు’ (cleave unto) అని ఉన్నది రెండో క్రియ. అదే చోట (ఆదికాండము 2:24) తెలుగు బైబిల్లో ‘హత్తుకొనును’ అని చదువుతాం. ఇప్పటి ఇంగ్లీషులో ఈ అర్థానికి క్లీవ్ తర్వాత టు వస్తుంది. గుర్తుపట్టడానికి అది చాలు.

అపోహ: భూతకాలంలో క్లీవ్డ్ తప్పు, క్లోవ్ అనే రాయాలి.

వాస్తవం: చీల్చే క్రియకు క్లీవ్డ్, క్లోవ్, క్లెఫ్ట్ మూడూ ఒప్పే. అనుమానం ఉంటే క్లీవ్డ్ రాసేయండి. దానికి మార్కులు కోసేవాళ్లు ఉన్నారనుకోండి, అది వేరే సంగతి. స్థిరపడిన జంటలను మాత్రం మార్చకూడదు: అంగిలి చీలికకు క్లెఫ్ట్ పాలెట్, ఆవు గిట్టకు క్లోవెన్ హూఫ్.

అపోహ: కట్‌కు బదులు క్లీవ్ అంటే భాష గంభీరంగా ఉంటుంది.

వాస్తవం: టొమాటోను క్లీవ్ చేశానంటే నవ్వుతారు. కూరగాయలు తరుగుతాం, కట్టెలు చీలుస్తాం; క్లీవ్ ఆ రెండో పని. గొడ్డలి వేటు లాంటి బలమైన దెబ్బకు, అలలను చీల్చుకుపోయే ఓడకు ఈ మాట నప్పుతుంది. ఇంకా బాగా నప్పేది, వస్తువు తనలోనే ఉన్న గీత వెంట విడిపోయినప్పుడు. చెక్క తన నార వెంట చీలుతుంది, వజ్రం స్ఫటిక తలాల వెంట చీలుతుంది. 3,106 క్యారెట్ల కల్లినన్ వజ్రాన్ని 1908లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జోసెఫ్ యాషర్ చీల్చింది అలాగే. రత్నాల పనివాళ్లు దాన్ని క్లీవింగ్ అంటారు; రంపంతో కోయడం వాళ్లకు వేరే పని. ఫలదీకరణ తర్వాత పిండకణాలు విభజన చెందడం కూడా క్లీవేజే, మన తెలుగు మీడియం పుస్తకాల్లో విదళనం.

అపోహ: వెల్లుల్లి క్లోవ్, లవంగం క్లోవ్ ఒకే మాట.

వాస్తవం: వెల్లుల్లి రెబ్బ చీల్చే క్రియకు చుట్టం. లవంగం పేరు మేకు అనే అర్థమున్న లాటిన్ క్లావుస్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంగ్లీషు వంటకంలో వట్టి క్లోవ్స్ అని ఉంటే లవంగాలే వేయండి. వెల్లుల్లి అయితే పక్కన గార్లిక్ అని రాస్తారు.