‘వెధవ’ ఎవరి పేరు?

చిన్నీ, బుజ్జీ,

మొన్న క్యారమ్స్ ఆడుతూ రెడ్ కాయిన్ కనబడలేదని ఒకరినొకరు ‘దొంగవెధవా’ అనుకున్నారు. వంటింట్లోంచి విన్నాను. కోప్పడడానికి రాయడం లేదురా. మాట తప్పినవాణ్ణి, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి మా నాన్న కూడా అలాగే తిట్టేవారు. ఆ మాట కథ మీకు చెప్పాలనిపించింది.

వెధవ అన్నది ‘విధవ’ నుంచి వచ్చింది. విధవ అంటే భర్త చనిపోయిన స్త్రీ. ‘వాడొట్టి వెధవ’ అంటాం చూడండి, తిట్టు తినేది మగవాడు, తిట్టులో ఉన్నది ఆడమనిషి. మోసం చేసింది వాడైతే మధ్యలో ఆవిడ ఏం చేసింది?

మాట చాలా పాతది, ఋగ్వేదంలోనే ఉంది. లాటిన్ ‘విదువా’, ఇంగ్లీషు ‘విడో’ దీనికి చుట్టాలే. ‘ధవుడు’ అంటే భర్త, ‘వి’ అంటే లేకపోవడం అని మాకు బడిలో విడదీసి చెప్పేవారు. భాషాశాస్త్రజ్ఞులు మాత్రం విధవను అలా విడగొట్టడం వల్లే ‘ధవుడు’ అనే మాట పుట్టిందంటారు. అసలు ధాతువుకి విడిపోవడం, వెలితి పడడం అని అర్థం. అందులో తిట్టు ఎక్కడా లేదు.

తిట్టుగా మార్చింది మనమే. ఊహ తెలియని వయసులో పెళ్లి చేసి, భర్త పోతే కొన్ని కులాల్లో ఆ పిల్లకి గుండు చేయించేవారు. పేరంటానికి పిలవరు, ఎదురొస్తే అపశకునం అంటారు. అలా ఎవరికీ అక్కర్లేని మనిషి పేరే పనికిరానివాడికి తిట్టయిందని నేననుకుంటాను. సన్నాసి అన్నదీ అంతే, అన్నీ వదులుకున్న సన్యాసి పేరది.

వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. అయినా రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించేసరికి 1881 డిసెంబరు 11 అయింది. ఆ పెళ్లి చేసినవాళ్లని ఊరు వెలివేసినంత పని చేసింది. వంటవాళ్లు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే వండి పెట్టారు. ఆవిడ పేరు గుర్తుపెట్టుకోండి, నాకు చాలా ఇష్టం.

మా చిన్నప్పుడు ఇంట్లో మామ్మ ఉండేది, మా నాన్నకి మేనత్త. తొమ్మిదో ఏటే భర్త పోయాడు. ఆయన ముఖం కూడా ఆవిడకి గుర్తులేదు. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే పిలవకుండానే తలుపు చాటుకి తప్పుకునేది. నాన్న వీధరుగు మీద నిలబడి ఎవర్నో ‘వెధవా’ అని అరిస్తే, లోపల మామ్మ చేతిలో చేట ఆగిపోయేది. కాసేపటికి మళ్లీ బియ్యం చెరుగుతున్న చప్పుడు వినిపించేది. ఎందుకాగిందో నాకప్పుడు తెలియదు. నిఘంటువులో ఆ మాటకి అర్థం చూసిన రోజున తెలిసింది. అప్పటికి మామ్మ లేదు.

మీ అమ్మమ్మ